పుట్టుకే అంత అని వదిలేయకండి

బెదురుగా ఉండే పిల్లల్ని ‘వాడి పుట్టుకే అంత’ అని మూడేళ్లకే పక్కన పెట్టేయడం మన నగరంలో ఇంటింటా కనిపిస్తోంది. బోరబండలో అంగన్‌వాడీ టీచర్‌గా రోజూ చూస్తున్నాను. జారుడుబల్ల మీంచి పడ్డ ఒక పిల్లాడు దులుపుకుని మళ్లీ ఎక్కుతాడు, ఇంకొకడు ఆ పూటంతా గోడకు అతుక్కుపోతాడు. ఈ తేడాలో జన్యువుల పాత్ర ఉందని కవలలపై పరిశోధనలు తేల్చిన మాట నిజమే. కానీ అది కొంత భాగమే. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంటి గొడవల వంటి కష్టాల మధ్య పెరిగినవారిలోనూ సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అమ్మో, అమ్మమ్మో, ఇంకెవరో, అండగా నిలిచిన మనిషి ఒక్కరైనా వాళ్లకు ఉండటం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. మా దగ్గర గోడకు అతుక్కుపోయే బాబు పక్కన వాళ్ల నాయనమ్మ రోజూ పది నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టింది. తిట్టలేదు, ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టనూ లేదు. రెండు నెలలకు వాడే ఎక్కాడు. ఆ రోజు నా కళ్లు చెమర్చాయి. ఏడవగానే సెల్‌ఫోన్ చేతికిచ్చే ఇళ్లలో పిల్లలకు ఈ అవకాశమే దొరకడం లేదు. పొద్దున్నే కూలి పని కోసం అడ్డా మీదికి వెళ్లే తల్లిని తప్పుపట్టలేను, ఆమెకు చెప్పేవారెవరు? శిశు సంక్షేమ శాఖ నెలకో ఆదివారం అంగన్‌వాడీల్లో తల్లులతోపాటు తండ్రులను, నాయనమ్మలను, తాతలను పిలిచి, పిల్లల బెదురును ఎలా పోగొట్టాలో చేసి చూపించే గంట కార్యక్రమం పెట్టాలి. ఆ పూట పనిచేసే టీచర్లకు, ఆయాలకు అదనపు భత్యం ఇవ్వాలి.

– ఒక అంగన్‌వాడీ టీచర్, బోరబండ, హైదరాబాద్