బరంపురం మన తెలుగు సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 29న గిడుగు వారి జయంతి, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పిల్లల తెలుగు క్లాసు మాత్రం పరీక్షల సమయానికి ఖాళీ అయిపోతోంది. వేళ మార్చి చూడాలని కార్యవర్గం అనుకుంటోంది. జమాఖర్చుల పట్టీ విడిగా జతపరిచాం.

ఈ ఏడాది ఎక్కువ చర్చ, నిజం చెప్పాలంటే కొంత గొడవ కూడా, నెట్‌లో రాసే మన సభ్యుల రాతల మీదే నడిచింది. మన ఊరి పట్టుచీరలు, అప్పడాలు, పచ్చళ్ల గురించి వాళ్లు రాసేవి విశాఖ, హైదరాబాద్‌లలో కూడా చదువుతున్నారు. సంతోషమే. దసరా ముందు ఒక సభ్యురాలు ఒక దుకాణాన్ని మెచ్చుకుంటూ, సిల్క్ మార్క్ ఉంది కాబట్టి అక్కడి చీరలన్నీ చేనేతేనని రాశారు. నేత కుటుంబానికి చెందిన పెద్దావిడ ఒకరు మీటింగులో లేచి, "సిల్క్ మార్క్ ఉంటే పట్టు అసలుదని అర్థం. మగ్గం మీద నేసిందని ఎవరన్నారమ్మా? దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది" అన్నారు. ఆరా తీస్తే, ఆ దుకాణం వాళ్లు రాసినావిడకు ఒక చీర ఊరికే ఇచ్చారని తేలింది. ఆ మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

చీర పుచ్చుకుంటే తప్పేంటని కొందరు అడిగారు. పుచ్చుకోవచ్చు, కానీ చదివేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, డిస్కౌంటు, హోటల్ బస కూడా వెల్లడించాలి. అదీ పొగడ్త ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అందరికీ కనబడేలా. తెలుగులో అంతసేపు పొగిడి, చివర ఒక ఇంగ్లీషు హ్యాష్‌ట్యాగ్ తగిలిస్తే చెల్లదన్నమాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మన రాతల దాకా ఢిల్లీ వాళ్లు వస్తారా అని ఒకరు నవ్వారు. రాకపోవచ్చు. ఆ రాత నమ్మి చీర కొన్నావిడ మాత్రం వచ్చే పెళ్లిలో మన పక్క కుర్చీలోనే కూర్చుంటుంది.

ఇకపై సంఘం పేరు వాడే ఏ రాతలోనైనా "ఇది ఫలానా దుకాణం వారు ఉచితంగా ఇచ్చారు" అన్నది మొదటి వాక్యంగా ఉండాలని తీర్మానించాం. తప్పు దొర్లితే గుట్టుగా చెరిపేయకూడదు, తేదీ వేసి పైనే సవరణ పెట్టాలి. ఆ సభ్యురాలు అలాగే సవరించారు. దుకాణం వాళ్లు అలిగి సావనీరుకు ప్రకటన ఇవ్వలేదు. ఆదాయం పద్దులో మీకు కనిపించే తరుగు అదే. కార్యవర్గానికి దాని మీద విచారమేమీ లేదు.

ఒడియా పేపర్లో వచ్చిన వార్తను తెలుగులోకి దించి కింద సొంత పేరు వేసుకోవడం ఇంకో అలవాటు. వార్త ఎవరి సొత్తూ కాదు గానీ, తిరిగి సేకరించినవాళ్లు వేరే ఉన్నారు. పేపరు పేరు చెప్పాల్సిందే. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషాలు కట్టిన పిల్లల ఫొటోలు పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాలన్నదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

రుచి చూడమని ఇచ్చిన స్వీట్ ప్యాకెట్ కూడా చెప్పాలా అన్నది తేలలేదు. సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.

ఇట్లు,
కార్యదర్శి