అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

కర్నూలు పక్కన గని, శకునాలలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. గర్వించదగ్గదే. అయితే అంతటి పార్కులోనూ చుట్టుపక్కల పల్లెలవారికి దొరికేది సోలార్ పలకలు కడిగే పని, కాపలా పని. ఇది నన్ను బాధిస్తోంది.

రైతుల సోలార్ కరెంటు కోసం కేంద్రం తెచ్చిన 2019 నాటి కుసుమ్ పథకం ప్రకారం రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు సొంతంగా సోలార్ ప్లాంటు పెట్టుకుని, కరెంటును డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అమ్ముకోవచ్చు. వేరుశనగ ఎండిపోయే మన బీడు నేలలకు ఇంతకన్నా నమ్మకమైన పంట ఏముంది? పైగా ఆ కరెంటు దగ్గరి సబ్‌స్టేషన్ నుంచి పగటిపూటే బోర్లకు అందుతుంది, లైన్లలో నష్టమూ తగ్గుతుంది.

రైతుకు అడ్డుపడేది పెట్టుబడి. బ్యాంకు మేనేజర్లను, డిస్కం ఇంజనీర్లను, రైతు సంఘాలను మీరే ఒకచోట కూర్చోబెట్టండి. ఏ సబ్‌స్టేషన్ ఎంత కరెంటు తీసుకోగలదో ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయించండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా రైతు