గండికోటకు ముందు తాడు పట్టే మనుషుల్ని ఇవ్వండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ.

మాది ప్రొద్దుటూరు. సెలవు దొరికితే చాలు గండికోటకో, తలకోనకో, నాగలాపురం కొండలకో బ్యాగు సర్దుకునే రకం మా స్నేహితులంతా. మీ శాఖ దృష్టి ఇప్పుడు గండికోట మీద ఉంది కాబట్టి ఈ లేఖలో దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. 2024లో కేంద్రం సాస్కీ (రాష్ట్రాల పెట్టుబడి పనులకు కేంద్రం చేసే ప్రత్యేక సాయం) పథకం కింద గండికోటకు దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అదే ఏడాది చివర్లో వచ్చిన రాష్ట్ర కొత్త పాలసీ పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. సంతోషం. డబ్బంటూ వస్తే రోడ్లు, లైట్లు, కాటేజీలు ఎలాగూ వస్తాయి, వాటిని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. నేనడిగేది మనుషుల్ని.

వీలైతే ఒక ఆదివారం సాయంత్రం, కాన్వాయ్ లేకుండా, కోటలోకి రండి. జామియా మసీదు, ధాన్యాగారం దాటి ముందుకు పోతే ఎర్రటి బండరాళ్లు వస్తాయి. వాటి మీద ఎక్కుతూ దిగుతూ పోతే లోయ అంచు. వందల అడుగుల కింద పెన్నా. అక్కడ కుర్రాళ్లు ఫొటో కోసం ఒక్కో అడుగే వెనక్కి జరుగుతుంటారు. కాళ్లకు రబ్బరు చెప్పులు. ఎవరో పెద్దాయన మనసాగక "ఒరే నాయనా, ఇంక సాల్లే, ఇట్లా రా" అని అరుస్తాడు. ఆయనా మనలాగే చూడ్డానికి వచ్చినవాడే. నేను చూసినంతలో ఆ అంచు దగ్గరున్న భద్రత అంతా ఆ పెద్దాయన గొంతే.

అలాగని లోయ పొడుగునా ఇనుప కంచె కట్టమనను. కడితే గండికోట అందం పోతుంది, పైగా ఆ కంచె కూడా ఎక్కి ఫొటో దిగేవాళ్లుంటారు. కాలు జారితే పైకి తెచ్చేదెవరన్నదే నా ప్రశ్న. జమ్మలమడుగు 15 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ఫైరింజన్ వచ్చినా, తాడు మీద లోయలోకి దిగి, దెబ్బ తగిలినవాణ్ణి స్ట్రెచర్‌కు కట్టి పైకి లాగడం వేరే విద్య. మంటలార్పేవాళ్లకు ఆ పని రాకపోతే తప్పు వాళ్లది కాదు.

ఆ విద్యకు పునాది వేసే చోటు గండికోటలోనే ఉంది. సాహస క్రీడల అకాడమీ పెట్టారు, రాక్ క్లైంబింగ్, రాపెలింగ్ (తాడు సాయంతో కొండ అంచు నుంచి కిందికి దిగడం) నేర్పుతున్నారు. మంచి పని. కానీ నేర్చుకున్న పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి పోతే సరిపోతుందా?

రాపెలింగ్ జరిగేచోట కాసేపు నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తాడు బండ అంచుకు రాసుకునేచోట గోనెపట్టా మడిచి పెడతారు. తాడును తగిలించే కొక్కెం, కారబైనర్, బిగించాక అది నిజంగా బిగిసిందో లేదో వేళ్లతో నొక్కి చూస్తారు. నడుముకు కట్టిన హార్నెస్ బెల్టును పట్టుకుని గట్టిగా ఒక గుంజు గుంజుతారు. తర్వాత ఇంకొకరు వచ్చి మొదట్నుంచీ మళ్లీ చూస్తారు. ఈ రెండో మనిషిని జీతం దండగనుకునే ఆపరేటర్ దగ్గర ప్రాణం దేవుడి మీద భారం. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ వెళ్లిన ఒక యువతి పారాగ్లైడింగ్‌లో గాల్లోంచి పడి చనిపోయింది. అక్కడ అనుమతులున్నాయి, పైలట్ రిజిస్టర్ అయినవాడే. బెల్టు సరిచూడలేదు, అంతే. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నా మనిషి పోయింది.

మన దగ్గర చాలాచోట్ల ఆ కాగితాలు కూడా కనబడవు. ఒక చెరువులో కయాక్ అనే చిన్న పడవ ఎక్కబోతే నాకిచ్చిన లైఫ్ జాకెట్‌కు బకిల్ లేదు, పురికొస కట్టి ఉంది. ఇదేంటని అడిగితే "ఏం కాదన్నా, లోతు లేదులే" అన్నాడు జాకెట్ ఇచ్చినవాడు. దిగి వచ్చేశాను. నా వెనకున్న కుటుంబం అదే జాకెట్ తీసుకుంది.

ప్రమాదం జరిగితే మనకు తెలిసిన మందు ఒకటే, నిషేధం. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి దాదాపు 50 మంది పోయారు. ఆ తర్వాత పాపికొండల బోట్లు చాలాకాలం ఆగిపోయాయి. ఆపడం అప్పటికి అవసరమే, కాదనను. కానీ ఆ రోజు నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను పడవలేసుకుని వెళ్లి ఒడ్డుకు చేర్చింది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. అక్టోబరు 22న, అంటే నెల దాటాక, ఆ బోటును నది అడుగు నుంచి బయటకు లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుప తాళ్లతో. నది తెలిసినవాళ్లు, తాడు తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారండీ. ప్రమాదం జరిగాక వెతుక్కుంటూ పోతాం, ముందుగా పిలిచి జీతమివ్వం.

భువనగిరి కొండ ఇప్పుడు తెలంగాణలో ఉంది, మీ పరిధిలోది కాదు, తెలుసు. కానీ ఆ బండ మీద తాడు పట్టడం నేర్చుకున్న గురుకుల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. మన పిల్లలకు చేతకాదని ఎవరూ అనలేరు.

స్థానికుల చేతికిస్తే నడుస్తుందా అన్న అనుమానానికి మారేడుమిల్లిలో, తలకోనలో జవాబుంది. అక్కడ అడవిలో బసలు, భోజనాలు నడిపింది వన సంరక్షణ సమితుల వాళ్లే, అంటే అడవి పక్క ఊళ్లవాళ్లే. ట్రెక్కింగ్‌కూ, రాపెలింగ్‌కూ అదే పద్ధతి పెట్టొచ్చు. అరకులో 2017లో బెలూన్ల పండుగ చేశారు, ఫొటోలు చాలా బాగా వచ్చాయి. బెలూన్లు మడిచి పట్టుకెళ్లాక అరకు కుర్రాళ్లకు ఏం పని మిగిలిందో మీ అధికారుల్ని అడగండి.

అన్నట్టు, అనుమతుల గోల. కొండెక్కడానికి పద్ధతిగా అనుమతి అడిగినవాణ్ణి ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిప్పుతారు, ఎవరినీ అడగనివాడు తెల్లారేసరికి శిఖరం మీదుంటాడు. అడవి, పర్యాటకం రెండూ కలిపి ఒకే కౌంటర్ పెట్టండి. గైడ్ లేకుండా ఎక్కనివ్వకండి. ఆ గైడ్ పక్క ఊరివాడై ఉండాలి.

గండికోటతోనే మొదలుపెట్టండి. జమ్మలమడుగు, మైలవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాతికమందిని, అమ్మాయిలతో సహా, అకాడమీలో చేర్చుకోండి. కోర్సు అయ్యాక ఇళ్లకు పంపకుండా నెల జీతం, బీమా, వాకీటాకీ ఇచ్చి కోటలోనే పెట్టుకోండి. అంచు దగ్గర నలుగురు, తాళ్లు, స్ట్రెచర్‌తో ఒక జట్టు, పొద్దు గుంకేదాకా ఒక అంబులెన్సు. ప్రైవేటు ఆపరేటర్లందరి దగ్గరా ఒక బోర్డు: గైడ్ పేరు, తాడు కొన్న తేదీ, ఫిర్యాదు చేయాల్సిన నంబరు. 78 కోట్లలో ఇదెంత?

ఈసారి గండికోట ఉత్సవాలు పెట్టినప్పుడు పాటల స్టేజీ ఎక్కే ముందు ఓ గంట ఆ జట్టుకు కేటాయించండి. లోయలోకి ఒక బొమ్మ మనిషిని దించి, దాన్ని స్ట్రెచర్ మీద పైకి తెమ్మని చెప్పండి. ఎన్ని నిమిషాలు పట్టిందో మీరే గడియారం పట్టుకుని చూసి, ఆ లెక్క పేపర్లకు చెప్పండి.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక ట్రెక్కర్