సున్నా ఎక్కడుంది?

హైదరాబాద్

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. నేను ఫ్లాట్ల వేటలో పడ్డాను.

మొన్న ఆదివారం ఘట్‌కేసర్ వైపు వెళ్లాం. చల్లటి మజ్జిగ ఇచ్చి నిగనిగలాడే బ్రోచర్ చేతిలో పెట్టారు. అందులో రెండు నిలువు పట్టీలు. రెండోది మొదటిదానికి సరిగ్గా మూడింతలు! "రెండేళ్లలో మన ఏరియా రేటు సార్" అన్నాడు కుర్రాడు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. నా చూపు మాత్రం ఎడమ పక్కనున్న చీమతలకాయంత అంకెల మీద పడింది. స్కేలు మొదలైందే 5,000 దగ్గర. చదరపు అడుగు అప్పుడు 5,200, ఇప్పుడు 5,600. పెరిగింది ఎనిమిది శాతం కూడా లేదు. బ్రోచర్ వెనకాలే వెయ్యికి సెంటీమీటరు చొప్పున మళ్లీ గీశాను. ఒకటి 5.2, ఇంకొకటి 5.6 సెంటీమీటర్లు. కవలల్లా నిలబడ్డాయి. "సున్నా నుంచి వేస్తే పేజీ చాలదు సార్" అన్నాడు పాపం!

ఇంటికొచ్చి గొప్పలు పోతుంటే నాన్న పేపరు నా ముందుకు తోసి, "గండిపేట నీటిమట్టం గియ్యరా, సున్నా నుంచే" అన్నారు. అక్కడ పూర్తి మట్టం 1,790 అడుగులు, అదీ సముద్రమట్టం నుంచి లెక్క. వంద అడుగులకు సెంటీమీటరు వేస్తే పద్దెనిమిది సెంటీమీటర్ల పట్టీ వచ్చింది. నీళ్లు పది అడుగులు తగ్గితే అందులో తగ్గేది ఒక్క మిల్లీమీటరు! 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయమది. గేట్లు ఎత్తాలా వద్దా అన్నది ఆ మిల్లీమీటరులోనే తేలుతుంది. నోరు మూసుకున్నాను. పట్టీ తన పొడవుతో మాట్లాడుతుంది కాబట్టి దాని కాళ్లు నరకకూడదు. నీటిమట్టానికైతే పట్టీ బదులు గీత వేసి, స్కేలు 1,750 నుంచి మొదలుపెట్టినా తప్పులేదు, ఆ సంగతి కనబడేలా రాస్తే చాలు.

అన్నట్టు 2020లో ఫోనులో మనం పోట్లాడుకున్నాం, గుర్తుందా? నీ గ్రాఫులో కరోనా కేసులు కొండెక్కుతున్నాయి, నా గ్రాఫులో చల్లబడుతున్నాయి. లెక్కలు రెండింటిలోనూ ఒకటే. నా దాంట్లో 100, 1,000, 10,000 సమాన దూరాల్లో ఉన్నాయి. పదింతలైనా ఒక్క మెట్టే! ఆ రోజు చంకలు గుద్దుకున్నందుకు ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నువ్వు భయపడింది సబబే.

ఇదంతా విని మా ఆవిడ అడిగింది ఒక్కటే, "ఇంతకీ ఆ ఫ్లాటు తూర్పు ముఖమేనా?"

సంక్రాంతికి వస్తే నీకూ చూపిస్తాను.

నీ
శీను