బిగింపుకి డబ్బు తీసుకున్నారు, బిగింపే సరిగా లేదు

హనుమకొండ,
19 జనవరి 2026

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: ₹1,89,900 పెట్టి కొన్న రెడీమేడ్ గేమింగ్ కంప్యూటర్‌లో బిగింపు లోపాలు, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), వారంటీ మరమ్మతుకు నిరాకరణ.

అయ్యా,

నవంబరు 2025లో మీ వెబ్‌సైట్‌లో కొన్న గేమింగ్ కంప్యూటర్, గేమ్ నడుస్తుండగా స్క్రీన్ నల్లబడి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. దీని గురించి ఎప్పుడు ఫోన్ చేసినా మీ సపోర్ట్ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: విండోస్ మళ్లీ వేసుకోండి. ఇది విండోస్ సమస్య కాదు. డిసెంబరులో మీ సర్వీస్ సెంటర్‌లో మీ టెక్నీషియనే మూత తీసినప్పుడు తీసిన ఫోటోలు జతచేశాను. "కంపెనీ పెట్టినట్టే ఉంచాలి" అంటూ ఆయన ఏదీ ముట్టుకోకుండా తిరిగి మూసేశారు. లోపల ఏది తప్పుందో, ఎందుకు తప్పో ఇక్కడ రాస్తున్నాను. దయచేసి ఈ లేఖను కాల్ సెంటర్‌కి కాకుండా, స్క్రూడ్రైవర్ పట్టే మనిషికి చూపించండి.

ముందే ఒక మాట. ధర ఎక్కువన్నది నా ఫిర్యాదు కాదు. అదే వారం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇదే ప్రాసెసర్, ఇదే గ్రాఫిక్ కార్డు, అదే సైజు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్)లకు తీసుకున్న కొటేషన్ కన్నా మీ ధర ₹31,000 ఎక్కువ. జీఎస్టీ రెండు చోట్లా 18 శాతమే, కాబట్టి ఆ తేడా పన్నుది కాదు. భాగాలను పొంతన చూసి ఎంచినందుకు, ఒడుపుగా బిగించినందుకు, పంపేముందు లోడ్ పెట్టి పరీక్షించినందుకు, రేపు ఏది పోయినా ఒకే చోట అడిగే వీలున్నందుకు ఆ డబ్బు. ఇవన్నీ నిజంగా జరిగితే అది న్యాయమైన ధరే. 2021లో గ్రాఫిక్ కార్డులు దొరకనప్పుడు చాలామందికి రెడీమేడ్ సిస్టమే నయమైంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాక, పాత ధరకు స్టాకు కొని పెట్టుకున్న కంపెనీల సిస్టమ్ ఒక్కోసారి విడిభాగాల కన్నా చవక పడుతోంది కూడా. సొంతంగా బిగించుకోవడమే ఎప్పుడూ మేలని నేను వాదించడం లేదు. ఏ పని పేరు చెప్పి అదనంగా తీసుకున్నారో ఆ పనే మీరు చేయలేదు, అదీ నా ఫిర్యాదు.

మీ ప్రకటనలో ఉన్నవి: రైజెన్ 7 7700, ఆర్‌టీఎక్స్ 5070 12 జీబీ, 32 జీబీ డీడీఆర్5 6000 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, గాజు క్యాబినెట్. ప్రాసెసర్‌కీ కార్డుకీ మోడల్ పేరు రాశారు. మదర్‌బోర్డుకీ, ర్యామ్‌కీ, ఎస్‌ఎస్‌డీకీ, ఎస్‌ఎంపీఎస్‌కీ రాయలేదు. పేరు రాయని చోటే ఖర్చు తగ్గించుకున్నారు.

రీస్టార్ట్‌ల మూలం ఎస్‌ఎంపీఎస్‌లో ఉంది. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతి రీస్టార్ట్‌కీ కెర్నల్-పవర్ 41 (సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందనే గుర్తు) నమోదైంది, బగ్‌చెక్ కోడ్ (క్రాష్ కారణం చెప్పే అంకె) 0. నీలి తెర రాలేదు, డంప్ ఫైల్ (క్రాష్ వివరాలు రాసే ఫైల్) పడలేదు. అంటే విండోస్ క్రాష్ అయిన జాడ లేదు, దానికి అందాల్సిన కరెంటే తెగినట్టుంది. లేబుల్ ఫోటో చూడండి. 750 వాట్లు అని పెద్ద అక్షరాలు. కింద పట్టికలో 12 వోల్టుల దగ్గర 46 ఆంపియర్లు. 12ను 46తో గుణిస్తే వచ్చేది 552 వాట్లు. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డ్ రెండూ తీసుకునేది దాదాపు అంతా 12 వోల్టుల నుంచే. 3.3, 5 వోల్టుల అంకెలు కలిపి 750కి లాగడం కొనేవాళ్లకు పనికిరాని లెక్క. నికార్సైన 750 వాట్ల యూనిట్ మీద 12 వోల్టుల దగ్గర 62 ఆంపియర్ల దరిదాపు ఉంటుంది.

552 చాలదా అని మీ ఇంజినీరు అడగవచ్చు. కార్డుకి 250, ప్రాసెసర్‌కి గరిష్ఠంగా 88, బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఓ 50. మొత్తం 390 దాటదు. సగటు లెక్కకు చాలుతుంది. కానీ గ్రాఫిక్ కార్డ్ సగటున నడవదు. సెకనులో వెయ్యో వంతు కూడా లేని సేపు తన రేటింగ్‌కి చాలా పైకి లాగి, మళ్లీ దిగుతుంది. నాసిరకం యూనిట్‌లో ఆ క్షణాన వోల్టేజీ జారుతుంది, కరెంటు సరిగా ఉందని బోర్డుకి చెప్పే పవర్ గుడ్ సిగ్నల్ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. సరిగ్గా దీనికోసమే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది: తన సామర్థ్యానికి రెట్టింపు లాగుడును 100 మైక్రోసెకన్ల పాటు ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవాలి. మీరు పెట్టినదాని లేబుల్ మీద ఏటీఎక్స్ 2.31 అని ఉంది. 80 ప్లస్ ముద్ర ఉంది కదా అంటారేమో. లోపలికి వెళ్లిన కరెంటులో ఎంత వేడిగా వృథా అవుతుందన్నదే ఆ ముద్ర చెబుతుంది. రక్షణ వలయాలు ఉన్నాయో లేవో, కెపాసిటర్లు ఎలాంటివో చెప్పదు.

దీనికి తోడు కేబుల్. 5070కి 16 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. మీ ఎస్‌ఎంపీఎస్‌లో ఆ కేబుల్ లేదు కాబట్టి రెండు 8 పిన్నులను కలిపే అడాప్టర్ వాడారు. అందులో తప్పు లేదు, ఆ రెండింటికీ ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు వస్తే. మీవాళ్లు ఒకే కేబుల్ చివర ఉన్న జంట తలలను రెండు చోట్లా గుచ్చారు. ఒక్కో 8 పిన్నుల తలకు ప్రమాణం ప్రకారం 150 వాట్లు. ఇక్కడ కార్డు లాగే కరెంటంతా, స్లాటు నుంచి వచ్చే కాస్త పోగా, ఒకే తీగల కట్ట మోస్తోంది. రెండో కేబుల్ క్యాబినెట్ అడుగున చుట్ట చుట్టి, ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టి పడేసి ఉంది. దాన్ని లాగి గుచ్చడానికి రెండు నిమిషాలు పట్టేది.

నాలుగో ఫోటో అన్నిటికన్నా ముఖ్యం. 16 పిన్నుల తలకీ కార్డుకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది, గోరు దూరేంత సందు. ఆ తల క్లిక్‌మని పూర్తిగా కూర్చోకపోతే కొన్ని పిన్నుల మీదే భారం పడి వేడెక్కుతాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. 2022లో ఇలాంటి కనెక్టర్‌తో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులు వచ్చినప్పటి నుంచి ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. తల దగ్గర నుంచి 35 మిల్లీమీటర్ల వరకు తీగను వంచకూడదు. మీ క్యాబినెట్‌లో పక్క గాజు పలకే దాన్ని నొక్కుతోంది, అంటే కార్డు ఎత్తుకి క్యాబినెట్ వెడల్పు చాలదు. భాగాల పొంతన చూశారనడానికి ఇక ఏముంది? ఇది నిప్పు అంటుకునే వ్యవహారం కాబట్టి సిస్టమ్ వాడటం ఆపేశాను.

ర్యామ్ సంగతి చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని అచ్చువేసి కూడా ఉంటుంది. మీవాళ్లు 1, 2లో పెట్టారు, ఆ రెండూ ఒకే చానల్ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి). మూత తీయకుండానే గాజులోంచి కనిపిస్తుంది: స్టిక్కులు రెండూ కూలర్‌ని ఆనుకుని, కుడివైపు స్లాట్లు రెండూ ఖాళీగా. భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ మెమరీ ట్యాబ్‌లో చానల్ దగ్గర 4 × 32-బిట్ అని రావాలి, 2 × 32-బిట్ అని వస్తోంది. దాని కింద ఫ్రీక్వెన్సీ 2400 దగ్గర ఉంది, రెట్టింపు చేస్తే 4800. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు, ఆన్ చేయలేదన్నమాట. అది ఆన్ చేయనంతవరకు 6000 అని అమ్మిన ఈ ర్యామ్ 4800లోనే నడుస్తుంది. ఒక చానల్‌లో 4800 అంటే సెకనుకు 38.4 జీబీ. రెండు చానళ్లలో 6000 అంటే 96 జీబీ. ఇవి కాగితం మీది గరిష్ఠాలే, ఆటలో ఫ్రేములు ఆ లెక్కన పెరగవు. కానీ వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటి ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో సగటు ఫ్రేముల కన్నా ముందు కనిష్ఠ ఫ్రేములు పడిపోతాయి, ఆట ఆగి ఆగి నడుస్తుంది. మీ సపోర్ట్ దీనికి డ్రైవర్ అప్‌డేట్ చెప్పింది.

సరిచేయడం ఎంతసేపు? కరెంటు తీసి, స్టిక్కులు 2, 4లోకి మార్చి, బయోస్‌లో ఎక్స్‌పో ప్రొఫైల్ ఎంచి సేవ్ చేయడమే. మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 రకం బోర్డు మెమరీ ట్రైనింగ్‌లో (ర్యామ్ కొత్త అమరికను సరిచూసుకునే పనిలో) కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో పవర్ బటన్ నొక్కకూడదు, అంతే. ఇంత చిన్న పని ఇంట్లో చేసుకోవడానికి అడ్డు పక్క పలక స్క్రూ మీద మీరంటించిన స్టిక్కర్: ఊడితే వారంటీ రద్దు. మీరు సరిచేయరు, కొన్నవాళ్లను సరిచేసుకోనివ్వరు.

ఇక గాలి. ముందు పలక నిలువునా గాజు. గాలి రావాల్సింది పక్కనున్న సన్నటి చీలికలోంచే. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. టిష్యూ కాగితం ముక్క ఆ చీలిక దగ్గర పట్టుకుంటే లోపలికి అతుక్కోవాలి, బయటికి ఎగురుతోంది. కారణం ఫ్యాన్ల రకం. మామూలు ఫ్యాన్‌లో గాలి, మోటారును పట్టుకునే నాలుగు కాళ్ల వైపు వెళ్తుంది. రివర్స్ బ్లేడ్ ఫ్యాన్‌లో దానికి ఎదురు. అవి క్యాబినెట్ అడుగునో పక్కనో పెట్టి గాలి లోపలికి లాగుతూనే అందమైన ముఖం లోపలివైపు కనబడేందుకు తయారైనవి. మీవాళ్లు ఆ రకాన్ని ముందు బిగించి, లైట్ల ముఖం బయటికి తిప్పారు. ముందు మూడూ, వెనక ఒకటీ, నాలుగూ గాలిని బయటికే తోస్తున్నాయి. లోపలికి వచ్చే గాలికి సందులే దిక్కు, ఆ సందులకు దుమ్ము ఫిల్టర్లు లేవు. పైన పటారం, లోన లొటారం. వాడటం ఆపకముందు, జనవరి రాత్రి గదిలో 22 డిగ్రీలున్నప్పుడే ప్రాసెసర్ తన హద్దు 95ని తాకి వేగం తగ్గించుకుంది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపలా దాదాపు అన్ని డిగ్రీలు కలుస్తాయి. మే నెలలో 43, 44 చూసే ఊళ్లకు కంప్యూటర్ అమ్ముతూ ఈ లెక్క వేసుకోకపోతే ఎలా?

కూలర్ గురించి కూడా చెప్పాలి. 7700 బాక్స్ ప్యాక్‌తో దాని తయారీదారు ఏఎండీ రెయిత్ ప్రిజం కూలర్ ఇస్తుంది. మీరు ట్రే ప్రాసెసర్ (డబ్బా, కూలర్ లేకుండా కంపెనీలకు టోకున అమ్మేది) వాడి, అంతకన్నా చిన్న కూలర్ పెట్టారు. బాక్స్ ప్రాసెసర్‌కి ఏఎండీ దగ్గరే 3 ఏళ్ల వారంటీ. ట్రే అయితే అమ్మినవాళ్లే దిక్కు, మీరిచ్చింది ఒక్క ఏడాది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో అస్థిరత బయటపడి వారంటీ మరో 2 ఏళ్లు పెంచినప్పుడు, ట్రే ప్రాసెసర్లున్నవాళ్లు సిస్టమ్ అమ్మిన కంపెనీనే అడగాల్సి వచ్చింది. ఈ తేడా అంత పెద్దది, ప్రకటనలో మాత్రం ఒక్క ముక్క లేదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు 5 నుంచి 10 ఏళ్లు, చాలా ఎస్‌ఎస్‌డీలకు 5 ఏళ్లు తయారీదార్లే ఇస్తారు. మీ బిల్లులో 'గేమింగ్ డెస్క్‌టాప్ – 1' అని ఒకే వరస, సీరియల్ నంబర్లు లేవు. ఆ దారులన్నీ మూసేశారు. ఎస్‌ఎస్‌డీ డీర్యామ్ లేని క్యూఎల్‌సీ అనే చవక రకం, పెద్ద గేమ్ కాపీ చేస్తే క్యాష్ (తాత్కాలిక వేగపు నిల్వ) నిండగానే నత్తనడక. ప్రకటనలో రకం రాయలేదు కాబట్టి దాని మీద పట్టుబట్టను.

కోరుతున్నది ఇది. ఎస్‌ఎంపీఎస్ తీసి, 12 వోల్టుల మీద కనీసం 62 ఆంపియర్లిచ్చే ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 యూనిట్‌ను దాని సొంత 16 పిన్నుల కేబుల్‌తో పెట్టాలి. కేబుల్ గాజుకి తగలని క్యాబినెట్ ఇవ్వాలి, ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి. కార్డు వైపు కనెక్టర్ పిన్నుల్లో రంగు మారినా, ప్లాస్టిక్ మెత్తబడినా కార్డే మార్చాలి. ర్యామ్ 2, 4లోకి మార్చి 6000లో నడిపించాలి. బాక్స్ కూలర్‌కి తగ్గని కూలర్ పెట్టాలి. ఆ తర్వాత ప్రాసెసర్, కార్డ్ రెంటినీ ఒకేసారి గంటసేపు పూర్తి లోడ్‌లో నడిపి, ఉష్ణోగ్రతల లాగ్ ఫైల్‌తో తిరిగి పంపాలి. ప్రతి భాగానికీ మోడల్, సీరియల్ నంబరుతో విడివిడి బిల్లు ఇవ్వాలి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవడానికి మూత తీస్తే వారంటీ పోదని రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి కుదరకపోతే ₹1,89,900 పూర్తిగా వాపసు ఇవ్వండి, సిస్టమ్ తీసుకెళ్లండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 34 ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మీ నిబంధనల్లో 'వివాదాలు మా నగర కోర్టుల్లోనే' అని రాసుకున్నా ఆ హక్కు పోదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు.

పికప్‌కి పంపేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పండి మీవాళ్లకు. గ్రాఫిక్ కార్డ్ విప్పి విడిగా ప్యాక్ చేయాలి, లేదంటే క్యాబినెట్ లోపల నురుగు దిండు నింపాలి. వచ్చేటప్పుడు అది లేకుండానే వచ్చింది, కార్డు ఇప్పటికే ఒక పక్కకు వాలి ఉంది. రవాణాలో స్లాటు విరిగితే బాధ్యత మీది. అందుకే అప్పగించేముందు మీ మనిషి ఎదుటే ఫోటోలు తీసి, ఆయన సంతకం తీసుకుంటాను.

ఇట్లు,
కొనుగోలుదారు

జతపరచినవి: బిల్లు నకలు, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, ఫోటోలు, ఈవెంట్ వ్యూయర్ లాగ్, సీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ కొటేషన్.