ప్రాణహిత ఒడ్డున సముద్రపు బొమ్మ

సంపాదకులకు నమస్కారం.

మహారాష్ట్రలో ప్రాణహిత నది ఒడ్డునున్న మా సిరోంచ తాలూకాలో ఒక ప్రభుత్వ భవనం ప్రహరీ మీద ఈమధ్య బొమ్మలు వేయించారు. పులి, నెమలి, టేకు చెట్టు బాగానే కుదిరాయి. చివర్లో నీలిరంగు నీళ్లలో పొడుగు మూతి, పళ్లెమంత కన్ను ఉన్న జంతువు ఒకటుంది. కింద మరాఠీలో ‘సిరోంచ డైనోసార్’ అని రాశారు. ఆరో తరగతి చదివే మా మనవడు చూసి, "తాతా, ఇది మన ప్రాణహితలో ఈదేదా?" అన్నాడు.

లేదు. అది ఇక్తియోసార్. డైనోసార్ల కాలంలోనే బతికిన సముద్రపు సరీసృపం, అంతే కానీ డైనోసార్ కాదు. గుజరాత్‌లోని కచ్‌లో, లోడాయి ఊరి దగ్గర దాని అస్థిపంజరం దాదాపు పూర్తిగా దొరికింది. పొడవు ఐదున్నర మీటర్లు, వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యులు గుంటుపల్లి ప్రసాద్ బృందం 2017లో ఆ సంగతి ప్రకటించింది. (ఆ ఇంటిపేరు చూసి మేం కాస్త మురిసిపోయాం లెండి.) పెయింటర్ పాపం చేపనుకుని మొప్పలు కూడా గీశాడు. అది నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకునేది, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనేది.

అయినా మాకు సముద్రాన్ని అరువు తెచ్చుకునే ఖర్మేమిటి? ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గరే (చీరల పోచంపల్లి వేరు) 1960 ప్రాంతంలో బారాపాసారస్ ఎముకలు తవ్వి తీశారు. ఆకులు మేస్తూ నేల మీద నడిచిన అసలు సిసలు డైనోసార్ అది. తొడ ఎముక ఒక్కటే మనిషెత్తు ఉంటుంది. బెంగాలీలో ‘బారా పా’ అంటే పెద్ద కాలు. రవీంద్రుడి శతజయంతి రోజుల్లో తవ్వారు కనుక ఆయన పేరూ కలిపి ‘బారాపాసారస్ టాగోరై’ అన్నారు. ఇప్పుడది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. నీళ్ల జీవులే కావాలంటే ఇక్కడి కోట ఊరి సున్నపురాళ్లలో ఆ కాలపు చేపల శిలాజాలున్నాయి. వాటి పొలుసులు అచ్చం మనం దీపావళికి చేసే డైమండ్ ఆకారపు శంకర్‌పాళీ ముక్కల్లా ఉంటాయి.

అధికారులకు నా మనవి ఒకటే. ఆ బొమ్మ చెరిపి బారాపాసారస్‌ది వేయించండి. పేరు మరాఠీతో పాటు తెలుగులోనూ రాయించండి, ఇక్కడి ఇళ్లలో మాట్లాడేది తెలుగే కదా. రంగుల ఖర్చే అడ్డమైతే మా వీధివాళ్లం చందా వేసుకుంటాం.

- ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా