మొలలను దాచుకోవద్దు, గోడ పోస్టర్లను నమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

బస్టాండ్ గోడల మీద "మొలలకు ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో గ్యారంటీ వైద్యం" అనే పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తారు. రెండేళ్లు రక్తం పడుతున్నా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు, చివరికి అలాంటి చోటికే వెళ్లి, ఏం మందో తెలియని ఇంజెక్షన్ వేయించుకుని, పుండై చీము పట్టి వారం రోజులు బోర్లా పడుకునే ఉన్నారు.

సర్జన్ దగ్గరికి వెళ్తే కోసేస్తారన్న భయమే ఇంత పని చేసింది. నిజానికి మొలలున్న చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు. పీచు ఎక్కువున్న తిండి, సరిపడా నీళ్లు, బాత్రూంలో ఫోన్ పట్టుకుని ముక్కుతూ కూర్చోకపోవడం, టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని 15 నిమిషాలు కూర్చోవడం, మొదట్లో వీటితోనే చాలావరకు తగ్గుతాయి. తగ్గకపోతే లోపలి మొల మొదలు చుట్టూ చిన్న రబ్బరు బ్యాండ్ వేస్తారు, రక్తం అందక వారం పది రోజుల్లో అది ఎండి రాలిపోతుంది, సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. బయటికి జారి, వేలితో నెడితే గాని లోపలికి పోనివి, నెట్టినా పోనివి, సర్జరీ ఎక్కువగా వీటికే. నొప్పి ఉంటుంది, రెండు మూడు వారాలు ఓర్చుకోవాలి, కానీ మళ్లీ వచ్చే అవకాశం తక్కువ.

పెద్ద వయసులో రక్తం పడితే మాత్రం మొలలేనని ఇంట్లోనే తేల్చేయకండి, పెద్దపేగు క్యాన్సర్‌లోనూ ఇలాగే పడుతుంది, డాక్టర్ కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించమంటే చేయించండి. ఆ పోస్టర్ల వెనుక ఉన్నవాళ్లకు అసలు డిగ్రీ ఉందో లేదో అధికారులు వెంటనే తనిఖీ చేయాలి.

- ఒక పాఠకురాలు, ఖమ్మం